డిజాస్టర్ అనే మాట ఎవరి నోట వస్తోంది?

మొన్న మా పాత క్లాస్‌మేట్ల గ్రూపులో ఎవరో ఒక పోస్టు పెట్టారు. డిజాస్టర్ అనే ఇంగ్లీషు మాటకి అసలర్థం ‘చెడ్డ నక్షత్రం’ అని, అది గ్రీకు మాట అని, చూశారా వాళ్లు కూడా గ్రహాల్నీ నక్షత్రాల్నీ నమ్మినవాళ్లే అని దాని సారాంశం. లైకులు బాగానే పడ్డాయి. ఒక మిత్రుడు మాత్రం ‘అయితే ఏంటి? శాలరీ అనే మాట ఉప్పులోంచి వచ్చిందంటారు, జీతం పడినప్పుడు ఎవరికైనా ఉప్పు గుర్తొస్తుందా?’ అని రాశాడు. దాంతో అందరూ వేరే విషయంలోకి వెళ్లిపోయారు. నేను మాత్రం వెళ్లలేకపోయాను.

ఎందుకంటే శాలరీలో ఉప్పు కరిగిపోయింది నిజమే గానీ, డిజాస్టర్‌లో నక్షత్రం ఇంకా వెలుగుతూనే ఉందని నా నమ్మకం. ఆ మాట వాడేవాళ్లకి దాని పుట్టుక తెలియకపోవచ్చు. అయినా ఆ మాట చేసే పని మాత్రం నాలుగు వందల ఏళ్ల కిందట చేసిన పనే: జరిగినదాన్ని పైనుంచి వచ్చిపడినదానిగా చూపించడం. అలా చూపించడం వల్ల కొంతమందికి ఓదార్పు దొరుకుతుంది, మరికొంతమందికి తప్పించుకునే దారి దొరుకుతుంది. నా గొడవంతా ఆ రెండో రకం వాళ్లతోనే.

పుట్టుక సంగతి

ఆ పోస్టులో చెప్పింది సగం నిజం. నక్షత్రాన్ని గ్రీకులో ఆస్ట్రోన్ అంటారు, లాటిన్‌లో ఆస్ట్రుమ్. ముందున్న ‘డిస్’కి ఇక్కడ చెడ్డ, ప్రతికూలమైన అని అర్థం. కానీ ఆ రెండు ముక్కలూ కలిసి ఒక్క మాట అయింది ఇటాలియన్‌లో, డిజాస్ట్రో అని. అక్కణ్నుంచి ఫ్రెంచిలోకి, 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి వచ్చింది. ఆ తొలిరోజుల్లో డిజాస్టర్ అంటే జరిగిన నష్టం ఒక్కటే కాదు, ఆ నష్టానికి కారణమైన గ్రహస్థితి కూడా. అంటే ఓడ మునగడాన్నీ, మునగడానికి కారణాన్నీ ఒకే మాటలో కట్టేశారు. కారణం కూడా పేరులోనే ఉన్నాక ఇంక విచారణ ఎవరికి కావాలి?

ఇలాంటి మాట ఇదొక్కటే కాదు. ఇన్‌ఫ్లుయెంజా, అంటే ఫ్లూ జ్వరం పేరు కూడా ఇటాలియన్‌దే, ‘ప్రభావం’ అని అర్థం, అదీ నక్షత్రాల ప్రభావమే. కెటాస్ట్రఫీ దారి మాత్రం వేరు. అది నిజంగా గ్రీకు మాట, తలకిందులవడం అని అర్థం, నాటకంలో కథ తిరగబడే చివరి ఘట్టానికి వాడేవాళ్లు. పెద్ద విపత్తు అనే అర్థం దానికి తర్వాత వచ్చింది. నాకు ఈ మాటే ఎక్కువ నిజాయితీగా అనిపిస్తుంది, ఎందుకంటే కథ తిరగబడిందంటే దానికి ముందు ఒక కథ నడిచిందనేగా, అందులో పాత్రలున్నాయనేగా, వాళ్లు ఏదో చేశారనో చెయ్యలేదనోగా. డిజాస్టర్‌లో ముందు కథ లేదు. ఆకాశం ఉంది, కింద మనం ఉన్నాం, అంతే.

ఇది ఇంగ్లీషువాళ్ల జబ్బే అనుకోనక్కర్లేదు. గ్రహపాటు, గ్రహచారం బాగోలేదు, టైం బాగోలేదు అని రోజూ అనేవాళ్లమే మనం. ఉత్పాతం అనే మాట చూడండి, అసలు కీడుని ముందుగా సూచించే వింతకి అది పేరు, రానురాను ఆ కీడుకే పేరైపోయింది. డిజాస్టర్‌కి సరైన తెలుగు ఏదని ఎవరైనా నన్నడిగితే విపత్తు కన్నా గ్రహపాటే దగ్గరని చెప్తాను.

లియర్ నాటకంలో ఒక దొంగ

ఈ మాట ఇంగ్లీషులో ఇంకా కొత్తగా ఉన్నప్పుడే దాన్ని నిలదీసినవాడు ఒకడున్నాడు. 1606 ప్రాంతంలో షేక్‌స్పియర్ రాసిన కింగ్ లియర్‌లో ఎడ్మండ్. మన చేతలు శృతిమించి మనకి కష్టాలొస్తే, ఆ డిజాస్టర్లకి సూర్యుణ్నీ చంద్రుణ్నీ నక్షత్రాల్నీ దోషుల్ని చేస్తాం, లోకంలో ఇంతకంటే తెలివితక్కువతనం ఉందా అంటాడు. డిజాస్టర్, నక్షత్రాలు, రెండూ ఒకే వాక్యంలో పెట్టడం కాకతాళీయం అని నేననుకోను.

మొదటిసారి ఆ మాటలు చదివినప్పుడు చప్పట్లు కొట్టాలనిపించింది. తర్వాత ఆలోచిస్తే ఇబ్బందిగా అనిపించింది. ఎందుకంటే ఆ మాటలన్న ఎడ్మండ్ మంచివాడు కాదు. దొంగ ఉత్తరం సృష్టించి, అన్న మీద తండ్రికి అనుమానం పుట్టించి, తండ్రి గ్లాస్టర్ అటు వెళ్లగానే ఇటు ఈ ఉపన్యాసం మొదలుపెడతాడు. గ్రహణాల వల్లే ఇంట్లో ఇలాంటివి జరుగుతున్నాయని నమ్మిన గ్లాస్టర్ చివరికి కళ్లు పోగొట్టుకుంటాడు. అంటే నక్షత్రాల్ని నమ్మినవాడు బాధితుడు, నమ్మనివాడు ఆ బాధకి కారకుడు. నక్షత్రాల తప్పేం లేదని అందరికంటే బాగా తెలిసినవాడు ఆ తప్పు చేస్తున్నవాడే! పైగా తండ్రి గ్రహణాల్ని నమ్మడం అతనికి ఎంత అనుకూలమో కూడా అతనికి తెలుసు. నాలుగు వందల ఏళ్లైనా ఈ ఏర్పాటు పెద్దగా మారలేదనిపిస్తుంది నాకు.

పుట్టుక చూసి తీర్పు చెప్పొచ్చా?

మళ్లీ శాలరీ దగ్గరికి వస్తాను, ఆ వాదనని తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. పదం పుట్టినప్పటి అర్థమే దాని అసలర్థం అనడం పొరపాటు. భాషలు అలా నడవవు. డిజాస్టర్ అన్నవాళ్లంతా జ్యోతిషం నమ్ముతున్నారని నేను అనడం లేదు.

నేను చూసేది దాని వాడుకని. ఇంగ్లీషులో డిజాస్టర్ ‘స్ట్రైక్’ చేస్తుంది, వచ్చి కొడుతుంది. మన వార్తల్లో విపత్తు విరుచుకుపడుతుంది, వరద ముంచెత్తుతుంది, ప్రకృతి కన్నెర్ర చేస్తుంది, పగబడుతుంది. ప్రతి వాక్యంలోనూ కర్త నీరో గాలో నేలో. మనుషులు కర్మలుగానే కనిపిస్తారు, అదీ అంకెల్లో. గట్టు బలహీనంగా ఉందని కిందటేడు రిపోర్టు ఇచ్చినవాళ్లు, ఆ రిపోర్టు మీద సంతకం పెట్టి పక్కన పడేసినవాళ్లు, కాలవ మీద కట్టడానికి అనుమతిచ్చినవాళ్లు, వీళ్లెవరికీ ఆ వాక్యంలో చోటు లేదు. పైగా ముందు ‘ప్రకృతి’ అని తగిలిస్తాం. ప్రకృతి వైపరీత్యం అంటే ప్రకృతి తన తీరు తప్పి ప్రవర్తించిందని. నది వానాకాలంలో పొంగడం దాని తీరు తప్పడమా? దాని తీరే అది కదా!

ఫిల్ ఓకీఫ్, కెన్ వెస్ట్‌గేట్, బెన్ విస్నర్ అనే ముగ్గురు పరిశోధకులు 1976లో నేచర్ అనే సైన్సు పత్రికలో సరిగ్గా ఈ మాటే రాశారు, ప్రకృతి విపత్తుల్లోంచి ‘ప్రకృతి’ని తీసెయ్యాల్సిన టైం వచ్చిందని. ఐక్యరాజ్యసమితిలో విపత్తుల ముప్పు తగ్గించే విభాగం కూడా ఇప్పుడు ప్రకృతి విపత్తు అనొద్దనే చెప్తోంది. తుఫాను, భూకంపం ప్రమాద కారకాలు. అవి మనుషుల బలహీనతకి తగిలినప్పుడు పుట్టేది విపత్తు.

లిస్బన్

ఈ వాదన అంతకు రెండు వందల ఏళ్లకి పైగా ముందే ఒకసారి జరిగింది. 1755 నవంబర్ 1న పోర్చుగల్‌లోని లిస్బన్‌లో పెద్ద భూకంపం. సర్వపునీతుల పండగ రోజు, జనం చర్చిల్లో ఉన్నారు. తర్వాత సముద్రం ఊరి మీదికొచ్చింది, తర్వాత రోజుల తరబడి మంటలు. పదుల వేలమంది చనిపోయారు. ఫ్రెంచి రచయిత వోల్టేర్ దాని మీద ఒక పద్యం రాశాడు, పేరులోనే డిజాస్టర్ ఉంది, ఫ్రెంచిలో. లిస్బన్ నేలమట్టమైంది, పారిస్‌లో నాట్యం చేస్తున్నారు, దేవుడు న్యాయవంతుడైతే ఇదేం లెక్క అని ఆక్రోశం.

దానికి జవాబుగా తత్వవేత్త రూసో 1756 ఆగస్టులో వోల్టేర్‌కి ఉత్తరం రాశాడు. ఆరేడు అంతస్తుల ఇళ్లు ఇరవై వేలు అక్కడ పోగేసింది ప్రకృతి కాదు కదా, జనం పలచగా, తేలికపాటి ఇళ్లలో ఉండి ఉంటే నష్టం ఎంతో తక్కువగా ఉండేది కదా అన్నాడు. దేవుడి మీద కోపాన్ని మేస్త్రీల వైపు, ఊరి ప్లాను వైపు తిప్పాడు. అప్పటికి అది చాలా పెద్ద మాట. లిస్బన్‌లో పొంబాల్ అనే మంత్రి ఈలోగా ఆచరణలో ఇలాంటి పనే చేస్తున్నాడు: నేల ఎంతసేపు ఊగింది, ఎంతమంది పోయారు, సముద్రం ముందు వెనక్కి తగ్గిందా లేక ముందుకొచ్చిందా అని ప్రతి పారిష్‌కీ, అంటే ఒక్కో చర్చి కిందుండే పేటకీ, ప్రశ్నలు పంపించాడు. కొత్తగా కట్టిన ఇళ్ల గోడల్లో కర్రతో అల్లిన చట్రాలు పెట్టించారు, ఊగినా కూలకుండా.

కానీ రూసో ఉత్తరంలో ఇంకో వాక్యం ఉంది, అది నాకు మింగుడుపడదు. బట్టల కోసం ఒకరు, కాగితాల కోసం ఒకరు, డబ్బు కోసం ఒకరు వెనక్కి వెళ్లి ఎంతమంది చనిపోయారో కదా అంటాడు. ఇళ్లు కట్టిన తీరు దగ్గర మొదలైన వేలు మెల్లగా చచ్చిపోయినవాళ్ల వైపే తిరిగింది చూశారా? మనుషుల తప్పే అనే వాదనలో ఉన్న ప్రమాదం ఇది. నది ఒడ్డున గుడిసె వేసుకున్నవాణ్ని ‘అక్కడెందుకు వేసుకున్నావ్’ అని అడగడం తేలిక. వేరేచోట అద్దె కట్టే స్తోమత ఉంటే అక్కడెందుకు వేసుకుంటాడు?

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. 2010 జనవరిలో హైతీలో 7.0 తీవ్రతతో భూకంపం వస్తే లక్షమందికి పైగా పోయారని అంచనా, మూడు లక్షల దాకా చెప్పినవాళ్లూ ఉన్నారు. ఫిబ్రవరిలో చిలీలో 8.8 వస్తే, శక్తి లెక్కన అది దాదాపు ఐదు వందల రెట్లు పెద్దది, పోయింది ఐదు వందలమందికి కాస్త అటూఇటూ. ఈ పోలిక అందరూ చెప్తారు, ఇళ్ల నాణ్యతే తేడా అంటారు. అందులో చాలా నిజముంది, 1960లో 9.5 భూకంపం చూసిన చిలీ కట్టడాల నిబంధనల్ని గట్టిగా పట్టుకుంది. కానీ హైతీలో కంపం రాజధానికి పాతిక కిలోమీటర్ల దూరంలో, చిలీలో సముద్రంలో. ఆ సంగతి దాచిపెట్టి వాదిస్తే మనం కూడా నక్షత్రాలవాళ్లలాగే ఒకే కారణం చెప్పి ఊరుకున్నట్టు అవుతుంది.

అబెర్‌ఫాన్

ఇక్కడ ఒక చోట ఆగాలి. వేల్స్‌లో అబెర్‌ఫాన్ అనే గని ఊరు. ఊరి పైన కొండ మీద బొగ్గు గనుల చెత్త గుట్టలుగా పోశారు. ఏడో నంబరు గుట్ట నీటి ఊటల మీద పోశారు. 1966 అక్టోబర్ 21 ఉదయం అది జారి కింద ఉన్న స్కూలు మీద పడింది. 144 మంది చనిపోయారు, వాళ్లలో 116 మంది పిల్లలు.

గనుల్ని నడిపే నేషనల్ కోల్ బోర్డు చైర్మన్ వెంటనే ఏమన్నాడంటే, అక్కడ ఎవరికీ తెలియని సహజమైన ఊటలున్నాయని. ఊళ్లోవాళ్లకి ఆ ఊటలు బాగా తెలుసు. గుట్ట గురించి భయంగా ఉందని అంతకు ముందే ఫిర్యాదులూ వెళ్లాయి. ఏం జరిగిందో తేల్చే విచారణలో ఒక్కొక్క పిల్ల పేరూ చదివి, మరణానికి కారణం ఊపిరాడకపోవడం అని చెప్తుంటే, ఒక తండ్రి లేచి నిలబడ్డాడు. కాదు, నేషనల్ కోల్ బోర్డు సజీవంగా పాతిపెట్టింది, అలా రాయండి అన్నాడు.

ఆ ఒక్క వాక్యం ముందు నేను పైన రాసిందంతా తక్కువే. ఊపిరాడకపోవడం అబద్ధం కాదు, వైద్యపరంగా అది నిజమే. కానీ ఆ వాక్యానికి కర్త లేడు. ఆయన కర్తని తెచ్చి పెట్టాడు. 1967లో వచ్చిన ట్రిబ్యునల్ రిపోర్టు కూడా బోర్డుదే తప్పని చెప్పింది, దుర్మార్గం కాదు గానీ అజ్ఞానం, చేతకానితనం, ఒకరికొకరు చెప్పుకోకపోవడం అని. అయినా ఈరోజుకీ చరిత్రలో దాని పేరు ‘అబెర్‌ఫాన్ డిజాస్టర్’.

ఒకే గదిలో ఇద్దరు

ఇంత రాసి కూడా, ఈ మాటని ఎవరూ వాడొద్దని నేను అనలేను. ఎందుకో చెప్తాను.

మాకు పెద్దమ్మ వరసయ్యే ఒకావిడ కొడుకు రోడ్డు మీద పోయాడు. రాత్రిపూట రోడ్డు వారగా ఆపిన లారీ, వెనక లైట్లు లేవు, రిఫ్లెక్టర్ లేదు, ఒక రాయి కూడా అడ్డం పెట్టలేదు. బైకు నేరుగా వెళ్లి గుద్దుకుంది. మేం పలకరించడానికి వెళ్లినప్పుడు పెద్దమ్మ ‘మా గ్రహచారం నాన్నా, ఎవర్ననుకుని ఏం లాభం’ అంది. నేనేం మాట్లాడలేదు. మాట్లాడ్డానికి ఏముంటుంది? ఎవరో ఒక్క లైటు వేసి ఉంటే బతికేవాడు అన్న ఆలోచనతో ఆవిడ ప్రతి రాత్రీ ఎలా పడుకుంటుంది? ఆ మాట ఆవిడకి ఊపిరి తీసుకునే సందు.

కాసేపటికి లారీ తరఫున ఒకాయన వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడి ‘గ్రహపాటమ్మా, ఎవరేం చెయ్యగలం’ అన్నాడు. మనిషి మర్యాదగానే ఉన్నాడు, నటించాడని కూడా చెప్పలేను. కానీ నాకు ఒళ్లు మండిపోయింది. ఇద్దరూ అన్నది ఇంచుమించు ఒకే మాట. ఆవిడకి ఆ మాట మీద హక్కుంది. ఆయనకి లేదు. రిఫ్లెక్టర్ గురించి చెప్పాల్సినవాడు గ్రహాల గురించి చెప్పడం కుదరదు.

అప్పట్నుంచీ ఈ మాట ఎక్కడ విన్నా నేను ముందు చూసేది అది ఎవరి నోట వచ్చిందనే. పోగొట్టుకున్నవాళ్లు అంటే వింటాను. జవాబు చెప్పాల్సిన స్థానంలో ఉన్నవాళ్లు, ప్రెస్‌మీట్‌లో, ఇంత వాన ఎవరూ ఊహించలేదని మొదలుపెడితే మాత్రం, ఊహించడం ఎవరి ఉద్యోగం అని అడగాలనిపిస్తుంది.

ఆఫీసులో డిజాస్టర్

ఈ మాటని సరిగ్గా వాడేచోటు కూడా ఒకటుంది, నేను పనిచేసే రంగమే. ఐటీలో డిజాస్టర్ రికవరీ అంటారు, మేం డీఆర్ అనేస్తాం. మెయిన్ డేటా సెంటర్ మొత్తం పోయిందనుకుని, వేరే ఊళ్లో ఉన్న రెండో సెంటర్ నుంచి అన్నీ నడిపి చూడాలి. ఎంతసేపట్లో లేపాలి, ఎంత డేటా పోతే తట్టుకోగలం అనే రెండు అంకెలు ముందే రాసుకుని ఉంటాయి. నిప్పు అంటుకుందా, వరదొచ్చిందా, ఎవరో తవ్వుతూ కేబుల్ తెంపేశారా, డ్రిల్‌లో ఎవరూ పట్టించుకోరు.

ఒక డ్రిల్‌లో మొదటి పది నిమిషాల్లోనే ఆగిపోయాం. ఏ సిస్టమ్ తర్వాత ఏది లేపాలో రాసి ఉన్న డాక్యుమెంట్, పోయిందని అనుకున్న సర్వర్ మీదే ఉంది. కావాలంటే తెరిచి చూసుకోవచ్చు, ఆ సర్వర్ నిజంగా పోలేదు కదా. డ్రిల్ నడిపిస్తున్న మేడమ్ ఒప్పుకోలేదు. అది అక్కడ ఎవరు పెట్టారని కూడా ఆవిడ అడగలేదు. ఈ డాక్యుమెంట్‌ని రెండో చోటికి ఎవరు మారుస్తారు, ఏ తారీఖుకి అని అడిగి, పేరూ తేదీ రాసుకుంది. నింద వేరు, బాధ్యత వేరు అని నాకు అంత స్పష్టంగా ఎవరూ చూపించలేదు. పేరూ తేదీ ఉన్న కాగితం మీద డిజాస్టర్ అనే మాట రాసుకుంటే నాకే అభ్యంతరమూ లేదు.

సినిమా పోయినా డిజాస్టరే అంటాం కదా, అంత పెద్ద మాటని చిల్లర చేస్తున్నామని బాధపడేవాళ్లున్నారు. నాకు అంత బాధ లేదు. నిజానికి అక్కడ మనం న్యాయంగానే ఉంటాం: సెకండాఫ్ ఎవరు రాశారు, డైరెక్టర్ ఎక్కడ తప్పాడు, నిర్మాత ఎందుకు ఒప్పుకున్నాడు అని పేరుపేరునా అడుగుతాం. మునిగిపోయిన కాలనీకి కూడా అంత విచారణ దొరకాలనే నేను కోరేది.

నిజంగానే ఆకాశం నుంచి పడితే?

సరే, మనిషి ప్రమేయం అస్సలు లేని విపత్తు ఉండదా అని అడగొచ్చు. మాటకి మాటగా నక్షత్రమే రాలినట్టు, 2013 ఫిబ్రవరి 15 ఉదయం రష్యాలోని చెల్యాబిన్‌స్క్ పైన ఒక ఉల్క పేలింది. ఎవరి తప్పూ కాదు. కానీ గాయపడిన దాదాపు 1,500 మందిలో ఎక్కువమందికి తగిలింది రాయి కాదు, గాజు పెంకులు. కళ్లు మిరుమిట్లుగొలిపే వెలుగు చూసి జనం కిటికీల దగ్గరికి వెళ్లారు, పేలుడు తరంగం తర్వాత వచ్చి అద్దాలు పగలగొట్టింది. ఒక టీచర్ తన క్లాసు పిల్లలందర్నీ బల్లల కింద దూరమంది, వాళ్లకేం కాలేదు, ఆవిడకి మాత్రం గాజు కోసుకుంది. 2022లో నాసా డార్ట్ అనే నౌకని పెద్ద గ్రహశకలం చుట్టూ తిరిగే డైమోర్ఫోస్ అనే చిన్న గ్రహశకలానికి కావాలని గుద్దించి, అది ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయాన్ని అరగంటకి పైగా తగ్గించింది. అంటే ఆకాశం నుంచి వచ్చేదాని విషయంలో కూడా ‘ఎవరేం చెయ్యగలం’ అనడానికి లేకుండా పోతోంది.

మన దేశంలో 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ఈ విషయంలో మన మాటల కంటే ముందుంది. డిజాస్టర్ అంటే ఏంటో చెప్తూ, ప్రకృతి కారణాలు, మనుషులు చేసినవి, ప్రమాదం అని ఊరుకోకుండా ‘నిర్లక్ష్యం’ అనే మాటని కూడా పక్కనే పెట్టింది. అదే నిర్వచనంలో ఇంకో షరతుంది: జరిగినది అక్కడి సమాజం తట్టుకునే శక్తికి మించినదై ఉండాలి. అంటే తట్టుకునే శక్తి పెరిగితే, అదే తుఫాను రేపు డిజాస్టర్ కాకుండా పోవచ్చు. 1999లో ఒడిశా సూపర్ సైక్లోన్‌లో పదివేలమంది దాకా చనిపోయారు. 2013లో ఫైలిన్ అనే తుఫాను అదే రాష్ట్రంలో గంటకి 200 కిలోమీటర్లకి పైగా గాలులతో తీరం దాటింది. 1999 తుఫాను ఇంకా బలమైనది, నిజమే. అయినా ఫైలిన్‌లో పోయినవాళ్లు యాభైమంది లోపే, ఎందుకంటే అప్పటికి తీరం పొడవునా షెల్టర్లు కట్టారు, తుఫాను రాకముందే ఇంచుమించు పది లక్షలమందిని ఇళ్లు ఖాళీ చేయించి అవతలికి తరలించారు.